అన్నం చల్లారకముందే ఆమేన్

బెళ్ళందూరు తెలుగు క్రైస్తవ సంఘంలో సారమ్మ ప్రార్థనకు లేచిందంటే, తల్లులు ముందుగానే పిల్లల చేతుల్లో బిస్కెట్లు పెట్టేవాళ్ళు. ఎరిగినవాళ్ళు గోడ వారగా జరిగి వీపు ఆనించుకునేవాళ్ళు. ఎరగనివాళ్ళు హాలు మధ్యలో కూర్చుని, నడుము పట్టుకుపోయి, మళ్ళీసారి వచ్చినప్పుడు మొదట గోడ ఎక్కడుందో చూసుకునేవాళ్ళు.

ఆమె ప్రార్థన సృష్టితో మొదలయ్యేది. ముందు వెలుగు కలగాలి. నీళ్ళూ నేలా వేరుపడాలి. చేపలు, పక్షులు, పశువులు, దేని జాతి ప్రకారం అది పుట్టాలి. మనిషి పుట్టి పాపంలో పడేసరికి వంటింట్లో బిర్యానీ మీద ఆవిరి ఆగిపోయేది. ఎర్రసముద్రం పాయలయ్యేసరికి పెరుగుపచ్చడి నీళ్ళు వదిలేది. ఆ సముద్రం దాటి, ఎడారంతా తిరిగి, అప్పుడు గాని ఆమె పిలిచినవాళ్ళ ఇంటి గృహప్రతిష్ఠ దగ్గరికి వచ్చేది కాదు. ఇంటికి అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు కూడా ఆ ఇంటాయన్ను అంతసేపు నిలబెట్టి ఉండరు.

అయినా పిలిచేవాళ్ళు తగ్గలేదు. కొత్త ఇల్లన్నా, కొత్త కారన్నా, బిడ్డకు పేరు పెట్టడమన్నా సారమ్మ రావలసిందే. ఆమె ఎంతసేపు ప్రార్థిస్తే ఆ ఇంటికి అంత గొప్ప. మా ఇంట్లో గంట చేసింది, మీ ఇంట్లో ఎంతసేపని ఆడవాళ్ళు ఒకరినొకరు అడిగేవాళ్ళు. అమ్మా, మీరు నోరు తెరిస్తే పరలోకం తెరుచుకున్నట్టుంటుందని ఎవరైనా అంటే, సారమ్మ రెండు చేతులూ పైకెత్తి మహిమంతా దేవునికే అనేది. అనేది గాని, అందులో కొంచెం కొంగున ముడివేసుకునే ఇంటికి వచ్చేది.

ఆమె చదివింది మూడో తరగతి. గుత్తి పక్కన ఒక పల్లె. పెళ్ళయి బెంగుళూరు వచ్చింది. మొగుడు దేవదానం లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. కళ్ళు పోగొట్టుకోకుండా, తాగకుండా, ఎక్కువ మాట్లాడకుండా బతికి, కాలం చేశాడు. ఇంట్లో మాటలు మిగిలాయి కనక అన్నీ సారమ్మే వాడుకుంది. ఊళ్ళో ఉజ్జీవ సభలు ఎక్కడ జరిగినా పోయి మొదటి వరుసలో కూర్చుని, పెద్ద పెద్ద బోధకుల నోళ్ళనే చూస్తూ ఆ మాటలు పట్టుకుంది. మహోన్నతుడా, సర్వాధికారీ, కెరూబుల మధ్య ఆసీనుడా అని ఆమె అందుకుంటే ఎంఏలు చదివినవాళ్ళు కూడా తల వంచేవాళ్ళు. తలలు వంగుతున్నాయో లేదో ఆమె ఒక కన్ను సగం తెరిచి చూసుకునేది కూడా.

వీటన్నిటికంటె పెద్ద విద్య ఇంకొకటి ఉంది. కళ్ళు తెరిచి ఎవరితోనూ అనలేని మాటను సారమ్మ కళ్ళు మూసుకుని అనేది. పాస్టరుగారు వాక్యం మరీ సాగదీసిన రోజు, ప్రభువా, నీ దాసునికి కాలం విలువ తెలియజెయ్యి అని ప్రార్థించింది. అందరికంటె ముందు ఆయనే ఆమేన్ అన్నాడు. పై ఫ్లాటు ఛాయాదేవి ఎప్పుడూ పాటలయ్యాక వస్తుంది. ఆలస్యమనే దురాత్మను గద్దించమని దేవుణ్ణి అడిగింది. కోడలు చాందిని గిన్నెలు సింకులో నానబెట్టి ఆఫీసుకు పోతుంది. ఈ ఇంట్లోని బద్ధకాన్ని నీ రక్తంతో కడుగు అన్నది. దేవుడు కడిగాడో లేదో గాని మర్నాడు పొద్దున్నే చాందిని కడిగింది, ఒక్కో గిన్నె నాలుగిళ్ళకు వినపడేటట్టు.

ఎదురు చెప్పడానికి లేదు. ప్రార్థనలో అన్నదానికి ఎవరు ఎదురు చెబుతారు? ఆమేన్ అనాలి. మనిషితో చెబితే అది గొడవ అవుతుంది, దేవునితో చెబితే భారం అవుతుంది. సారమ్మకు భారాలు ఎక్కువ.

అంత మాత్రాన అత్తాకోడళ్ళకు పడదని కాదు. చాందిని పుట్టిల్లు బెంగుళూరు పక్కన అత్తిబెలె. రింగురోడ్డు మీద ఒక ఆఫీసులో ఉద్యోగం. మాట తక్కువ, పని ఎక్కువ. వాళ్ళ నాన్న పెద్దమునియప్ప బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మార్చుకోమంటే, రేషను కార్డులో మార్చాలంటే ఎంత తిరగాలో మీకు తెలియదని చెప్పి ఆ పేరుతోనే నీళ్ళలో మునిగి లేచిన మనిషి. అంత సూటి మనిషి కూతురు. సారమ్మ కొడుకు స్టాన్లీ ఆ పిల్లను చేసుకుంటానన్నప్పుడు సారమ్మ ఒప్పుకోవడానికి కారణం కూడా ఆ సూటితనమే. అది తనవైపు తిరిగినప్పుడు మాత్రం అంత బాగా కనపడలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం చాందిని ఆఫీసు నుంచి వచ్చేసింది. చేతిలో సంచీ, సంచీలో కాఫీ కప్పు, ఇంకో చేతిలో టేబులు మీద పెంచుకునే చిన్న మొక్క. చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో బల్ల మీద కూర్చుంది. ఒళ్ళు బాగలేదేమోనని సారమ్మ నుదురు పట్టి చూసింది.

“అత్తమ్మా, నా జాబ్ పోయింది. మా టీమ్ మొత్తం తీసేసినారు.” ఆ పిల్ల ఏడవలేదు. మొక్కను కింద పెట్టి ఆకులు సర్దింది. “స్టాన్లీకి చెప్పొద్దండి. ఈ వారమంతా ఆయనకు ఆఫీసులో టెన్షన్. శనివారం లీవ్ ఉండాది కదా, కూర్చోబెట్టి నేనే చెప్తా. మీరు ప్రేయర్ చేయండి, అంతే. ఇంకెవరికీ వద్దు.”

సారమ్మకు ఎంత దుఃఖం కలిగిందో అంత గర్వమూ కలిగింది. కన్నతల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు, తనకు చెప్పింది. నా నోట్లోంచి వస్తే అడుగమని ఒట్టేసింది. రాగిసంగటి చేసి, దగ్గర కూర్చుని తినిపించింది కూడా. అబద్ధమెందుకు, ఆ పూట ఆమె మంచి అత్తే.

కాని ఆ మాట కడుపులో పెట్టుకోవడం పొయ్యి మీద పాలకు కాపలా ఉన్నట్టయింది. మంగళవారం కూరగాయల బండి దగ్గర నురగ పైకి వచ్చింది, దించుకుంది. బుధవారం ఛాయాదేవి ఫోను చేసి మీ కోడలు ఇంట్లోనే కనపడుతోందే అంటే, ఇంటి నుంచే పనిలే అన్నది. ఇంత పెద్ద భారం చేతిలో ఉండి ఎవరికీ చూపించకపోవడం, పట్టుచీర కొనుక్కుని పెట్టెలో దాచుకున్నట్టుంది.

శుక్రవారం సాయంత్రం గృహ కూడిక వాళ్ళింట్లోనే. చాపలు పరిచారు. పాటలయ్యాయి. పాస్టరుగారు కాలం విలువ తెలిసినవాడై తొందరగా ముగించాడు. స్టాన్లీ ఎప్పుడూ లేనిది త్వరగా వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముగింపు ప్రార్థనకు సారమ్మ లేచింది.

ఆ రోజు సృష్టి మహా చక్కగా కుదిరింది. సముద్రం చీలింది. గొంతు జీరపోయింది, ముందు వరుసలో ముక్కులు చీదడం వినపడింది. ఇంకా పైకి పోవాలి. పైకి పోవడానికి మెట్టు కావాలి. మెట్టు కడుపులోనే ఉంది.

“ప్రభువా, ఉద్యోగం పోయి, ఆ సంగతి కట్టుకున్న భర్తకు సైతం చెప్పుకోలేక లోలోపల నలిగిపోతున్న నీ కుమార్తె చాందినిని జ్ఞాపకం చేసుకో.”

నిజంగానే కన్నీళ్ళతో అన్నది. ఆమేన్ మాత్రం కొంచెం ఆలస్యంగా, చెల్లాచెదురుగా వచ్చింది. సారమ్మ కళ్ళు తెరిచేసరికి స్టాన్లీ కళ్ళు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. చాందిని కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. తెరిస్తే ఎవరెవర్ని చూడాలో తెలిసి మూసుకున్న కళ్ళు అవి.

తరువాత టీ. వచ్చినవాళ్ళందరూ ఒక్కొక్కరుగా చాందిని చెయ్యి పట్టుకుని నొక్కారు. ఛాయాదేవి తాను ఉపవాసం ఉంటానన్నది. ఒకాయన తన ఆఫీసులో కూడా తీసేస్తున్నారని చెప్పి ఓదార్చాడు. చాందిని అందరికీ కప్పులందించింది, అందరి కప్పులూ తీసింది, కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని అప్పుడు అత్త ముందుకు వచ్చి నిలబడింది.

“అత్తమ్మా, దేవునితో చెప్పేది దేవునితో చెప్పండి. నాతో చెప్పేది నాతో చెప్పండి. ఊరికి చెప్పేదానికి ఆయన్ను మైకు చేసుకోవద్దండి.”

లోపలి గదిలో మొగుడూ పెళ్ళాలు చాలాసేపు మాట్లాడుకున్నారు. ముప్పైమందితో పాటు నేనూ విన్నానని స్టాన్లీ, నేనే చెబుదామనుకున్నానని చాందిని. శనివారానికి ఇంకా ఒక్క రాత్రే ఉంది. తెల్లారి ఆ పిల్ల మొక్కకు నీళ్ళు పోసి అత్తిబెలె వెళ్ళిపోయింది. స్టాన్లీ తల్లితో మాట్లాడటం మానేశాడు. భార్యతోనూ మానేశాడు. ఇంట్లో ఫ్రిజ్జు ఒక్కటే చప్పుడు చేసేది.

సారమ్మ మొదట తగ్గలేదు. ప్రార్థన చేయడం కూడా తప్పేనా అని కనపడినవాళ్ళనల్లా అడిగింది. వాళ్ళేమో తప్పెట్లా అవుతుందమ్మా అన్నారు; వాళ్ళకు ఉద్యోగం సంగతి తెలిసింది ఆ ప్రార్థనలోనే మరి. ఒక రోజు ఫోను చేసి, కోడలు హలో అనగానే ఇంకో మాటకు సందివ్వకుండా మహోన్నతుడా అని అందుకుంది. నా కోడలికి మెత్తని మనసు దయచెయ్యి, క్షమించే గుణం ఇవ్వు, పెద్దల మీద అలిగే ఆత్మను తీసివెయ్యి అంటూ చెమటలు పట్టేదాకా ప్రార్థించి ఆమేన్ అని ఊపిరి పీల్చుకుంది. అవతల మగగొంతు దగ్గింది. పెద్దమునియప్ప. “వదినమ్మా, పాప ఫోను నా చేతికిచ్చి బట్టలారేసేదానికి పోయింది. నాకోసమైతే శానా బాగుండాది. మోకాలి నొప్పికి కూడా ఒక మాట చెప్పింటే సరిపోయిండేది.”

ఫోను పెట్టేసి సారమ్మ వంటింట్లో కూర్చుంది. సింకులో తన గిన్నెలే నానుతున్నాయి. కోడలు ఇక రాకపోతే అన్న మాట మొదటిసారి మనసులోకి వచ్చింది. వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్న స్టాన్లీ ఆఫీసుకు పోగానే ఆమె చీర మార్చుకుని బయలుదేరింది. సిల్క్‌బోర్డు దగ్గర బస్సు మారింది. ఒళ్ళో సంచీ, పక్క సీట్లో పూలగంప పెట్టుకున్న ఒక కన్నడ ఆడమనిషి. దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటే అత్తిబెలె చేరేసరికి పని అయిపోతుందనుకుంది. వెలుగు కలుగుగాక అనుకోబోతే కండక్టరు వచ్చి ఎల్లిగమ్మా, ఎక్కడికి అని చెయ్యి చాపాడు. టిక్కెట్టు తీసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. చేపల దగ్గర బస్సు బ్రేకు వేసింది, పూలగంప ఆమె కాళ్ళ మీదికి ఒరిగింది. ఎన్నిసార్లు అందుకున్నా మాట ముందుకు పోలేదు. వినేవాళ్ళు లేని చోట ఆ మాటలకు కాళ్ళు లేవు.

ఎవరూ వినకుండా దేవునితో మాట్లాడింది ఎప్పుడని వెతుక్కుంది. దేవదానం ఆసుపత్రిలో పోయిన రోజా? ఆ రోజు కూడా మంచం చుట్టూ సంఘం నిలబడి ఉంది. ఎంత బాగా ప్రార్థించావమ్మా అని అందరూ అన్నారు. అన్నందుకు ఆ రోజు కూడా కొంచెం హాయిగా ఉండింది. ఇప్పుడు బస్సులో ఆ సంగతి గుర్తుకొచ్చి సారమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇంకా వెనక్కి పోతే అమ్మ ఉంది. వేరుశెనగ చేలో కలుపు తీస్తూ తీస్తూ నడుమెత్తి, కొంగుతో ముఖం తుడుచుకుని, సామీ, చూడప్పా అనేది. అంతే. మళ్ళీ వంగేది. పెద్దయ్యాక సారమ్మ, అది పద్ధతి కాదమ్మా, దేవుణ్ణి అట్లా పిలవరాదు, ముందు స్తుతించాలి అని నేర్పబోయింది. అమ్మ సరేలే పాపా అన్నది. అని, మళ్ళీ సామీ, చూడప్పా అనే అన్నది.

ఎలక్ట్రానిక్ సిటీ దాటాక సారమ్మ పెదవులు కదిలాయి. కళ్ళు మూసుకోలేదు, మూసుకుంటే దిగే చోటు తప్పిపోతుంది.

“సామీ, తప్పు చేసినా. ఆ పిల్ల ముందర నాకు నోరు పెగలాల.”

ఇంకేమైనా చేర్చాలా అని చూసుకుంది. ఏమీ లేదు. పూలామె గంప సర్దుకుంది. బస్సు పోతూనే ఉంది. ఆకాశం తెరుచుకోలేదు, భలే అని ఎవరూ మెచ్చుకోలేదు.

అత్తిబెలెలో పెద్దమునియప్ప వాకిట్లోనే ఎదురొచ్చి, వదినమ్మా అంటూ సంచీ అందుకున్నాడు. వియ్యపురాలు ఎందుకు వచ్చిందో ఆయనకు తెలుసు. తెలిసిన మనిషి ఏం చేస్తాడు, చాప పరిచాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు ప్రార్థన, తరువాతే మంచినీళ్ళు, ఆ ఇంటి ఆచారం అది. భార్యను పిలిచాడు, కూతుర్ని పిలిచాడు. “మీ నోటితో ఒక మాట చెప్పండి వదినమ్మా” అని తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

చూడబోతే ఇంతకంటె మంచి తరుణం దొరకదు. అందరూ తలలు వంచి ఉన్నారు. ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఒక మంచి ప్రార్థనలో క్షమాపణ చుట్టి దేవుని చేతికిస్తే, ఆయనే కోడలికి అందిస్తాడు. తన చెయ్యి చాపనక్కరలేదు. గొంతులో మహోన్నతుడా అప్పటికే లేచి నిలబడింది. సారమ్మ అలవాటుగా ఒక కన్ను సగం తెరిచింది.

చాందిని కళ్ళు మూసుకుని కూర్చోలేదు, బిగించుకుని కూర్చుంది. దెబ్బ పడుతుందని తెలిసిన పిల్ల బిగించినట్టు. తన ప్రార్థనకు ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఇట్లాగే కూర్చుందా? తలలు లెక్క చూసుకునే కన్ను దీన్ని ఎప్పుడూ చూడలేదు.

“కళ్ళు తెరువు పాపా,” అన్నది సారమ్మ. “దేవునితో చెప్పుకునేది బస్సులోనే అయిపోయింది. ఇది నీతో.”

పెద్దమునియప్ప ఒక కన్ను తెరిచి, ఇది తనకు కాదని మళ్ళీ మూసుకున్నాడు.

“నన్ను నమ్మి చెప్పినావు. నేను పదిమందిలో పెట్టినా. నీకోసం కాదు, నా గొప్పకోసం పెట్టినా. తప్పు.”

చాందిని కళ్ళు తెరిచింది. “ఆ మాట స్టాన్లీకి నా నోటితో చెప్పాలనుకున్నా అత్తమ్మా. ఎట్లా చెప్పాలో నాలుగు రోజులు అనుకుంటానే ఉన్నా. మీరు దాన్ని తీసేసుకున్నారు.”

“తీసుకున్నా.”

“ఇంక తిరిగియ్యలేరు కదా.”

“ఇయ్యలేను.”

ఏడుపులు, కౌగిలింతలు ఏమీ జరగలేదు. చాందిని లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆదివారం స్టాన్లీ వచ్చి పిలిస్తే వస్తానన్నది. స్టాన్లీ ఆదివారం దాకా ఆగలేదు. తల్లి ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పగానే బండి తాళం తీసుకున్నాడు. అంత సులువుగా పోయేవాడు ఇన్ని రోజులు ఎందుకు ఆగాడో మగవాళ్ళకే తెలియాలి.

ఆ తరువాత వచ్చిన పెద్ద పిలుపు బ్రూక్‌ఫీల్డ్‌లో చైతు అనే కుర్రవాడి గృహప్రతిష్ఠ. మటన్ బిర్యానీ. జనం నిండుగా ఉన్నారు, గోడవారగా ఒక్క ఖాళీ లేదు. తల్లులు బిస్కెట్లు పంచారు. సారమ్మ లేచింది. చాందిని తలుపు పక్కన నిలబడి ఉంది.

“ప్రభువా, ఈ పిల్లలకు ఇల్లు ఇచ్చినావు. ఇందులో ఉండేవాళ్ళను చూసుకో. భోజనానికి వందనాలు. ఆమేన్.”

ఎవరూ ఆమేన్ అనలేదు. ఇంకా సర్దుకునే కూర్చోలేదు మరి. కొందరు కళ్ళు మూసుకునే వెలుగు కలగడం కోసం ఎదురుచూస్తున్నారు. చైతు తల్లి ముఖం మాడింది. అవతలి వాళ్ళింట్లో గంట చేసి, మా ఇంటికొచ్చేసరికి ఇంతేనా అన్నట్టు చూసింది. సారమ్మకు గొంతు బాగలేదని ఒకరు, షుగరు పడిపోయిందని ఒకరు అన్నారు. ఛాయాదేవి మాత్రం, దేవుడిచ్చిన అభిషేకం పోయినట్టుంది పాపం అన్నది. పాపం అన్న మాటను ఆవిడ తేనెలో ముంచి తీసింది. ఆ రోజు జనం ఎన్నడూ లేనిది వేడి బిర్యానీ తిని, నోరు కాల్చుకుని, దానికి కూడా సారమ్మనే తిట్టుకున్నారు.

పిలుపులు తగ్గాయి. ఇప్పుడు గృహప్రతిష్ఠలకు ఛాయాదేవిని పిలుస్తున్నారు. ఆవిడ కూడా సృష్టితోనే మొదలుపెడుతుంది గాని పక్షులను మరిచిపోయి నేరుగా పశువుల్లోకి దిగుతుంది. వింటున్న సారమ్మకు నాలుక దురద పుడుతుంది. పక్షులెక్కడమ్మా అని అడగకుండా కూర్చోవడం ఆమెకు ఉపవాసం కంటె కష్టం. గర్వం అంత తొందరగా చచ్చేది కాదు; పెన్షను తీసుకుని మూల కూర్చుంటుంది, అంతే.

మొన్న ఒక పొద్దున్న చాందిని ఇస్త్రీ చేసిన చుడీదారు వేసుకుని వంటింటి గడపలో నిలబడింది. “అత్తమ్మా, మారతహళ్ళిలో ఇంటర్వ్యూ ఉండాది. స్టాన్లీకి సాయంత్రం నేనే చెప్తా. మీరు ప్రేయర్ చేయండి.” అని ఒక క్షణం ఆగింది. ఎవరికీ వద్దు అన్న మాట ఈసారి అనలేదు. అనకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సారమ్మ సంగటి కలుపుతోంది. కర్ర తిప్పడం ఆపకుండానే, “సామీ, చూడప్పా” అన్నది. అని, మూత పెట్టింది.

కాసేపటికి ఛాయాదేవి ఫోను. మీ కోడలు బాగా తయారై పోతోందే, ఎక్కడికి అని. సారమ్మకు కడుపులో పాలు పైకి లేచాయి. చాలా పైకి వచ్చాయి. మహోన్నతుడా అనే మాట కూడా, ఏమైనా సాయం కావాలా అన్నట్టు తొంగి చూసింది.

“వస్తే ఆ పిల్లనే అడుగు ఛాయా,” అన్నది సారమ్మ. “నా పొయ్యి మీద సంగటి ఉండాది.”